నాయిన పెట్టించిన ఏసీ

మా నాయిన సారంగపాణి ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎనుమాముల మిర్చి యార్డులో కాంటా దగ్గర ఆయన పని. ఒక రాశి తూకం కాగానే ఇంకో రాశి దగ్గరికి పరుగు. ఇంటికొచ్చినా కాళ్లు ఆ పరుగు మానేవి కావు. అన్నం పళ్లెం పట్టుకొని వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూ తినేవాడు. ఆయన పోయాక ఇంట్లో ప్రతి వస్తువూ పెట్టిన చోటే ఉంటోంది. నాకు అదే సహించడం లేదు.

నేను కాన్పుకు వచ్చిన ఏడాది ఆయన ఏసీ పెట్టించాడు. అంతకుముందు మాది కూలర్ బతుకే. పాప పుట్టేనాటికి మిర్చి సీజన్ జోరు మీదుంది. ఎండలు ముదిరేసరికి ఏసీ వేసినా గది చల్లబడడం మానేసింది. పాప మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి. దానికి తోడు దగ్గు.

రఘునాథపల్లి నుంచి మా అత్తమ్మ ప్రేమలత అమ్మకు ఫోన్ చేసింది. "వదినా, ఆడ ఉడకపోస్తాంటే పిల్లను ఎందుకు ఉంచుడు? ఆదివారం కారు తీసుకొని వస్తం. మా ఇల్లు చల్లగుంటది."

మూడో నెల నిండేదాకా మనవరాలు తన ఇంట్లోనే ఉండాలని నాయిన పట్టుదల. ఆదివారం అన్న మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదు. రిమోట్ మీద అంకె తగ్గించాడు, పెంచాడు, మళ్లీ తగ్గించాడు. స్టెబిలైజర్ ఆపి మళ్లీ వేశాడు. కిటికీ సందుల్లో పాత చీర గుడ్డలు కుక్కాడు. మిద్దె ఎక్కి ఏసీ బయటి డబ్బాకు ఎండ తగలకుండా గోనెపట్టా కట్టాడు. నిమిషానికోసారి తలుపు తీసి లోపలికి చెయ్యి చాపి చూసేవాడు.

"జర ఒక్కకాడ నిలవడరాదా? నువ్వు తలుపు తీసినప్పుడల్లా ఉన్న చల్లదనం గూడ బయటికే పోతాంది," అనేది మా అమ్మ మొగిలమ్మ.

"ఉంటే గద పోయేది!"

గ్యాస్ అయిపోయిందని వీధిలో అందరూ తేల్చేశారు. శనివారం సాయంత్రం కాశిబుగ్గ నుంచి మెకానిక్ మతీన్ వచ్చాడు. మీటరు పెట్టి చూసి, "గ్యాస్ ఫుల్లున్నది కాకా. ఫికర్ చేయకు," అన్నాడు. ఏసీ మూత ఎత్తి ఆగిపోయాడు.

"లోపట దుమ్ము ఆపే జాలీలు ఏవి?"

"గాలికి అడ్డం పడతానయని తీసి బీరువ మీద పెట్టిన. కూలర్‌కు గడ్డి తీస్తే గాలి జోరుగ రాదా?"

మతీన్ వేలితో లోపల రుద్దాడు. అలవాటుగా అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. మరుక్షణం కేకపెట్టి నల్లా దగ్గరికి ఉరికాడు. "ఇది ఏసీయా, కారం గిర్నీయా కాకా!"

పాపను పక్కింటికి పంపి ఏసీలోకి నీళ్లు కొట్టారు. తొట్టిలోకి ఎర్రటి నీళ్లు దిగాయి. ఇల్లంతా దగ్గు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని తిట్టడం మొదలుపెట్టింది.

"ఇంత కారం ఎట్ల వచ్చింది?" అంటూ మతీన్ తలెత్తాడు. ఏసీకి సరిగ్గా పైన, మేకుకు నాయిన అంగీ వేలాడుతోంది. యార్డు నుంచి రాగానే పాపను చూడాలన్న ఆత్రంలో నేరుగా ఆ గదిలోకే వెళ్లేవాడు. చెమట ఆరుతుందని అంగీ విప్పి అక్కడే తగిలించేవాడు. ఏసీ గాలి పీల్చుకునేది పైనుంచే.

"నీళ్లు పోసుకొని లోపటికి రా అని మొత్తుకుంటే ఇన్నవా?" అంది అమ్మ.

జాలీలు బిగించి మతీన్ ఏసీ వేశాడు. గది చల్లబడసాగింది. పోతూ పోతూ, "అంగీ ఒక్కటే కాదు కాకా. నీ తలల, చెవులల గూడ కారమే. చంటిపిల్ల దగ్గుకు అదే కారణమేమో," అన్నాడు.

నాయిన దొడ్లోకి పోయి స్నానం చేశాడు. చేతులు వాసన చూసుకొని మళ్లీ చేశాడు. తడి తలతో గడప దగ్గర నిలబడ్డాడు. పక్కింటి నుంచి తెచ్చిన పాప నా ఒళ్లో తుమ్మింది. కారం ఘాటుకో, గది చలికో తెలియదు. నాయిన అడుగు వెనక్కి వేశాడు. అక్కణ్నుంచే దాన్ని కాసేపు చూశాడు. తర్వాత చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"ఏడికి?" అంది అమ్మ.

"సీజన్ అయిపోయేదాంక యార్డుల మా సేటు దుకాణంల పండుకుంట. బువ్వ గూడ ఆడికే పంపు."

"పిచ్చి లేసిందా? ఇన్ని తంటాలు పడ్డది పిల్ల కండ్ల ముందుండాలనే గద!"

ఆయన నావైపు తిరిగాడు. "బిడ్డా, మీ అత్తమ్మకు చెప్పు. ఇల్లు చల్లగైంది, రేపు కారు తేవద్దని."

గల్లీ మలుపు దాకా పోయి, మళ్లీ వచ్చి గేటు బయటే నిలబడ్డాడు.

"చెప్పినవా?"

"చెప్పిన నాయినా."

"ఏమన్నది?"

"ఉండనీయి అన్నది."

తల ఊపాడు. చాప ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొని, దుకాణం మూసేస్తారేమోనన్నంత తొందరగా నడిచి వెళ్లిపోయాడు.