ఏ వారమో చెప్పలేని నరసాపురం తాత

జ్వరంలోనో ఆపరేషన్ తర్వాతో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి మతి తప్పి మాట్లాడితే మనవైపు సంధి అంటారు. అలాంటివాళ్ళను మంచానికి కట్టేయకుండా ఎలా చూసుకోవాలో ఆయాలకు నేర్పమని 2004 వేసవిలో నరసాపురంలోని ఒక చిన్న ఆసుపత్రి వాళ్ళు పిలిచారు. రాజమండ్రిలో ఇరవయ్యేళ్ళు నర్సుగా చేసినదాన్ని, నాకు తెలియనిదేముంది అనుకుంటూ బయలుదేరాను.

రైలుంది గానీ, పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి దాటాలన్న సరదా కొద్దీ ఆరింటి బస్సెక్కాను. రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవు చేరేసరికి తొమ్మిదయింది. పంటు టికెట్టు మూడు రూపాయలు. పావుగంటలో దాటాల్సింది అరగంట పట్టింది. ఏంటండీ ఆలస్యం అంటే పంటు నడిపే సరంగు నవ్వాడు. “పున్నమెళ్ళిన విదియ కదండీ, సముద్రం పోటు జోరుగా ఉంది. చుట్టు తిరిగి పోవాలి.” సరేనని తలూపాను.

వార్డులో తుంటి ఆపరేషన్ అయిన ఒక తాత ఉన్నాడు. జీవితమంతా చేపల వేటలో గడిపిన మనిషి. రెండు రోజులుగా సంధి. సెలైన్ పీకేస్తున్నాడని చేతులు గుడ్డతో మంచానికి కట్టారు. కళ్ళజోడు పెట్టండి, నీళ్ళు తాగించండి, ఎక్కడున్నాడో మాటిమాటికీ చెప్పండి అని ఆయాలకు వివరించాను. తెలివి వచ్చిందో లేదో చూడడం ఎలాగో చూపిద్దామని, “తాతగారూ, ఇవాళ ఏ వారమండీ?” అన్నాను.

“విదియ.”

“చూశారా, ఇంకా రాలేదు. ఇవాల్టికి కట్లు ఉండనివ్వండి” అన్నాను. కట్టొద్దని చెప్పడానికి వచ్చినదాన్నే.

రత్నం అనే ఆయా గొంతు సవరించుకుంది. వాళ్ళదీ వేటకెళ్ళే కుటుంబమే. “ఆయన సరిగ్గానే చెప్పారండి. వేటకెళ్ళేవాళ్ళకి వారంతో పనేంటండి? తిథి తప్పితే ప్రాణాల మీదకొస్తది.” మంచం పక్కన వంగి, “తాతా, ఇప్పుడు పోటా, పాటా? నీళ్ళు ఎక్కుతున్నాయా, తీస్తున్నాయా?” అంది.

తాత కిటికీలోని ఎండ వంక చూశాడు. “పోటైపోయింది. పాటు మొదలయ్యుంటది. చేతులు తిమ్మిరెక్కినాయే, కట్టు విప్పమ్మా.”

పొద్దున సరంగు కూడా విదియ, పోటు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసి నేనే కట్లు విప్పాను. తాత సెలైన్ జోలికి పోలేదు, మణికట్లు రుద్దుకుంటూ పడుకున్నాడు. సంధి మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది కాబట్టి రత్నం అక్కడే కూర్చుంది.

సాయంత్రం పంటులో వస్తుంటే మనసు బాగోలేదు. ఆరోజు పాఠం నేర్చుకున్నది నేనే. ఏ వారమో చెప్పలేదని ఇరవయ్యేళ్ళలో ఎంతమంది చేతులు అలా కట్టి ఉంచేశానో!

మీరూ ఈ దారిన వెళ్తుంటే, పున్నమికీ అమావాస్యకీ అటూ ఇటూ రోజుల్లో ఒక అరగంట ముందే రేవుకు చేరండి. తిథి తెలియకపోతే అక్కడ ఏ ముసలాయన్నయినా అడగండి, చెబుతాడు.