పిల్లరుకు ఇరవై ఒక్క దినాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, మెడలో స్కూలు వాళ్లిచ్చిన ఐడీ కార్డు, సంచిలో ప్లే థెరపీ సర్టిఫికెట్ జిరాక్సు. (అసలుది మా అమ్మ పటం కట్టించి ఫ్రిజ్ మీద పెట్టింది. కరెంటు పోయినప్పుడల్లా దాని వెనకే కొవ్వొత్తి వెతికేది.) ఏ పిల్లాడైనా నా ఎదుట కూర్చుని రెండు బొమ్మలను తలకిందులుగా పెడితే చాలు, వాడింట్లో ఏం జరుగుతోందో చెప్పేయగలనని గట్టి నమ్మకం. పదేళ్లు దాటిపోయాయి. ఏటికేడాది నాకు తెలిసినవి తగ్గుతూ వస్తున్నాయి కాబట్టి, మిగిలినవైనా పోకముందే ఈ సంగతి రాసిపెట్టాలనిపించింది.

నా ఉద్యోగం బెంగళూరులో, వర్తూరు చెరువుకు ఇవతల ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో. మా ఇల్లు కె.ఆర్.పురంలో. రెండు బస్సులు మారి వెళ్లాలి. మాటల్లో చెప్పుకోలేని బాధలను పిల్లలు ఆటలో చెప్పుకుంటారు, ఆ ఆటను చూసి వాళ్లకు సాయం చేయాలి, ఇదీ నా పని. ఈ మాటే మా అమ్మకు వివరంగా చెబితే, "అంటే పిల్లోళ్లతో ఆడుకునేదానికి ఇంత చదవల్లనా? మన వీధిలో ఆ పని చేయనోళ్లు ఎవరుండారే?" అంది. స్కూల్లో కూడా ఇంచుమించు అదే అభిప్రాయం. పాత బెంచీలు పడేసే గదిని ఖాళీ చేయించి నాకిచ్చారు. అందులో ఒక బొమ్మల కుటుంబం, వంట సామాన్లు, రెండు చేతిబొమ్మలు, కిటికీ కింద నడుమెత్తు బల్ల మీద పెద్ద ఇసుక తొట్టె. ఆ తొట్టె అంటే నాకు ప్రాణం. ఇసుకను నేనే జల్లెడ పట్టి, ఎండబెట్టి తెచ్చాను.

మా పనిలో కొన్ని పద్ధతులున్నాయి. పిల్లలను ప్రశ్నలడగకూడదు. వాళ్లు చేసేది చూసి, చూసినట్టు నెమ్మదిగా చెబుతూ ఉండాలి. "నువ్వు బండిని తోస్తున్నావు", "నువ్వు బండిని ఆపావు" అని. ఇంకో పద్ధతి, ఇసుకలో పిల్లలు ఏం కట్టినా, వాళ్లు వెళ్లిపోయాక మనమే దాన్ని చదును చేసి, బొమ్మలను అరల్లో సర్దేయాలి. తర్వాత వచ్చే పిల్లకు తొట్టె కొత్తగా కనబడాలి. ఈ రెండో పద్ధతిని నేను ఎంత శ్రద్ధగా పాటించేదాన్నంటే, చదును చేశాక స్కేలు పెట్టి సరిచూసేదాన్ని.

జూన్‌లో ఒకటో తరగతిలో ఒక పాప చేరింది. కదిరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి బ్రూక్‌ఫీల్డ్ దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టే చోట పని చేస్తాడు, అక్కడే రేకుల గదిలో కాపురం. మూడు నెలలైనా పాప స్కూల్లో నోరు తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. చెప్పింది రాసేది, ఇచ్చింది తినేది, మాట మాత్రం లేదు. స్టాఫ్‌రూమ్‌లో ఆమెకు 'సైలెంట్ మోడ్' అని పేరు పెట్టారు. అలా అనడం తప్పని నేను అందరికీ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. (ఇచ్చిన మర్నాడే నా డైరీలో 'మంగళవారం, పదకొండు గంటలు, సై.మో.' అని రాసుకున్నాను.)

మా హెడ్మిస్ కన్నడావిడ, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ కలిపి ఒకే గిన్నెలో వడ్డించే మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, "నోడమ్మా, ఆ పాపకు అర్థం అవతా ఉందో లేదో నాకు గ్యారంటీ లేదు. యూకేజీకి పంపిస్తాను. నువ్వు రిపోర్టు రాసియ్యి, ఆమేలే, ఆ తర్వాత, డిసైడ్ చేస్తాను" అంది. యూకేజీలో ఎవరున్నారు? ఆ పాప తమ్ముడు. నాలుగున్నరేళ్లవాడు, నోరు మూసుకోమన్నా మూసుకోడు. వాడి పక్కన, వాడి బెంచీ మీద, వాడు చూస్తుండగా ఈ పిల్ల 'అ, ఆ'లు దిద్దాలి. అదే జరిగితే ఇక జన్మలో నోరు తెరవదనిపించింది నాకు. ఆ మాట ఇప్పటికీ తప్పనుకోను.

వారానికి రెండుసార్లు పాపను నా గదికి తెచ్చుకున్నాను. మొదటిరోజే తిన్నగా ఇసుక తొట్టె దగ్గరకు వెళ్లింది. తన సీసాలోని నీళ్లతో ఇసుకను తడిపి, వంట సామాన్లలోని చిన్న గ్లాసులో కూరి, బోర్లించి, నాలుగు మూలలా నాలుగు స్తంభాలు నిలబెట్టింది. మధ్యలో గుంత తవ్వి, బొమ్మల కుటుంబంలోని నాన్నను అందులో గుండెల దాకా దించింది. తర్వాత స్తంభాల మీద నీళ్లు. ఒక్కొక్కదాని చుట్టూ తిరిగి, వేళ్లతో చిలకరిస్తూ, ఎక్కడా ఒక్క చుక్క ఎక్కువ పడకుండా. చివర్లో నా బల్ల మీది చేతిరుమాలు తీసి ఒక స్తంభానికి చుట్టి, నా వైపు చూసి, వెళ్లిపోయింది. నేను "నువ్వు నీళ్లు పోస్తున్నావు", "నువ్వు నాన్నను గుంతలో పెట్టావు" అంటూ పక్కన కామెంటరీ చెబుతూనే ఉన్నాను. ఆమె వెళ్లాక అంతా పడగొట్టి, చదును చేసి, స్కేలు పెట్టాను.

శుక్రవారం వచ్చి తొట్టె వైపు చాలాసేపు చూసింది. మళ్లీ నాలుగు స్తంభాలు, మళ్లీ గుంత, మళ్లీ నాన్న, మళ్లీ నీళ్లు. మంగళవారం మళ్లీ అదే. ఇలా ఆరుసార్లు. ఆరోసారి గ్లాసును కాస్త విసురుగా బోర్లించింది. నాకు అంతా అర్థమైపోయింది. గుంతలో తండ్రి! పైన నీళ్లు! గుడ్డ కప్పడం! అదే పనిగా మళ్లీ మళ్లీ! ఆ రాత్రికి రాత్రే నాలుగు పేజీల రిపోర్టు రాశాను. 'ఆప్తుల మరణానికి సంబంధించిన తీవ్ర సంఘర్షణ' అనే మాటను అందులో మూడుచోట్ల వాడాను. హెడ్మిస్ అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయ్యో పాప! అయితే తండ్రి ఇల్లవా, లేడా? అడ్మిషన్‌కు వచ్చి సంతకం పెట్టింది ఎవరమ్మా మరి?" అంది. ఆ సంతకం ఎవరిదో వాళ్లనే రమ్మని కబురు పెట్టాం.

మంగళవారం పాప ఆట ముగిసేసరికి తండ్రి వచ్చాడు. బతికే ఉన్నాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్ల దాకా ఎండిన సిమెంటు, చేతిలో పసుపు పచ్చ హెల్మెట్. పక్కన పాప. హెడ్మిస్ గుమ్మంలో నిలబడింది. నేను గొంతు బాగా తగ్గించి, "మీ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా... పోయారా?" అని అడిగాను.

"యాడికి మేడం?" అన్నాడాయన.

"అదే... చనిపోయారా అని."

"ఎవురూ పోల్యా మేడం. అందరమూ గుండ్రాళ్ల మాదిరి ఉండాం" అన్నాడు, కొంచెం భయంగా. "ఎందుకు మేడం, ఏమైనా కాగితం వచ్చినాదా?"

ఏమీ రాలేదని చెప్పి, తొట్టె దగ్గరకు తీసుకెళ్లాను. పాప అప్పుడే ఏడోసారి కట్టిన స్తంభాలు అందులో ఉన్నాయి. ఆయన వంగి చూశాడు. మొహం వెలిగిపోయింది. "క్యూరింగ్ మేడం ఇది! పిల్లరుకు నీళ్లు పోస్తాండాది. సిమెంటు పోసినాక దినామూ తడపల్ల, లేకుంటే బీటలిచ్చేస్తాది. మా సైట్లో ఆ పని మా ఇంటామెది, ఈ పాప తోడు పోతాది. గోనెపట్టా చుట్టాల్సినచోట ఏందో రుమాలు చుట్టింది, పాపం." గుంతలో బొమ్మను చూసి నవ్వాడు. "ఇది నేను. పునాది గుంతలో ఉండా."

నా నాలుగు పేజీలు హెడ్మిస్ చేతిలోనే ఉన్నాయి. ఆవిడ వాటిని మర్యాదగా మడిచి వీపు వెనక పెట్టుకుంది.

ఆయన అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఒగటి అడగల్ల మేడం. ఇంట్లో ఒగటే ఏడుపు. 'నాయనా, నేను కట్టినేది కట్టినట్ల ఎవరో పగలగొడతాండారు, మిస్సుకు చెబితే కొట్లాట అయితాదేమో' అంటాది. ఎవురు మేడం ఆ పని చేసేది? పెద్ద క్లాసు పిల్లోళ్లా?"

పద్ధతులు, స్కేలు, జల్లెడ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, "పగలగొట్టింది నేనే" అన్నాను, తెలుగులో. (అన్నట్టు, అంతవరకూ నేను ఆ పిల్లతో మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే. స్కూలు రూలు. మా ఇంట్లో మాత్రం మా అమ్మ నన్ను కదిరి భాషలోనే తిట్టేది.)

పాప నన్ను ఎగాదిగా చూసింది. చేరిన ఇన్ని నెలలకు, స్కూల్లో మొదటి మాట మాట్లాడింది. "ఎందుకు?"

"మా రూలు అట్లుండాది" అన్నాను.

"అట్లయితే ఎప్పుడు గట్టి పడల్ల?" అంది.

హెడ్మిస్ గుమ్మంలోంచి కదిలి వచ్చింది. నన్నడగలేదు, నా వైపు చూడనే లేదు. "ఏమప్పా, పిల్లరు గట్టిగా కావాలంటే ఎన్ని దినాలు?" అని తండ్రిని అడిగింది. "తక్కువలో తక్కువ ఏడు దినాలు మేడం. ఇరవై ఒకటి అయితే ఇంక భయం లేదు" అన్నాడు. "సరి. ఇరవై ఒక్క దినాలు. అంతలో క్లాసులో ఒక్క మాట మాట్లాడితే ఒకటోదిలోనే ఉంటుంది. ఇక్కడ మాట్లాడింది లెక్కకు రాదు" అని చెప్పి వెళ్లిపోయింది. నా సర్టిఫికెట్ సాధించలేనిది ఆయన హెల్మెట్ సాధించింది.

పాప నాకు పని అప్పగించింది. మిగతా పిల్లలకు ఇంకో తొట్టె (అంటే మా అమ్మ బట్టలు నానబెట్టే టబ్బు). ఈ తొట్టె ఎవరూ ముట్టకూడదు. గోనెపట్టా ముక్కలు తాను తెస్తుంది. రోజూ తాను పోస్తుంది. "ఆదివారం ఎవురు పోస్తారు?" అంది. నేనన్నాను, నేనే పోస్తానని. "ధార కట్టొద్దు మిస్సూ, చిలకరించల్ల" అని హెచ్చరించింది. మొదటి ఆదివారం, రెండో ఆదివారం వెళ్లి చిలకరించి వచ్చాను. సెలవురోజు ఇసుకకు నీళ్లు పోసి వెళ్లే ఉద్యోగిని మా వాచ్‌మన్ అంతకుముందు చూసి ఉండడు. రెండోసారి నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఇంట్లో అంతా బాగుండారా మేడం?" అని జాలిగా అడిగాడు.

మూడో ఆదివారం మరిచిపోయాను. మా పిన్ని కూతురి నిశ్చితార్థం. విస్తట్లో ఓళిగ, అదే బొబ్బట్టు, వడ్డించి దాని మీద నెయ్యి చిలకరిస్తుంటే గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని, పట్టుచీరతోనే బస్టాపుకు పరిగెత్తాను. మారతహళ్లి దాటేసరికి కుండపోత. ముద్దగా తడిసి గేటు దగ్గర దిగితే, "ఇంత వానలో నీళ్లు పోసేదానికి వచ్చినారా మేడం!" అన్నాడు వాచ్‌మన్. ఇక ఆయన జాలి పడటం కూడా మానేశాడు.

గదిలో మూడు స్తంభాలు నిలబడి ఉన్నాయి. కిటికీ వైపుది పొద్దుటి ఎండకే ఎండిపోయినట్టుంది, సగానికి విరిగి పడింది. గ్లాసు పక్కనే ఉంది. ఇసుక ఉంది. అరనిమిషం పని, ఎవరికీ తెలియదు. ఆ గ్లాసును చేతిలోకి తీసుకున్నానని ఒప్పుకుంటున్నాను. చీర అంచు నుంచి నీళ్లు కారుతుండగానే గ్లాసు దాని చోట పెట్టేసి, మిగిలిన మూడింటికీ చిలకరించి వచ్చేశాను.

సోమవారం ఇరవై ఒకటో రోజు. బెల్లు కొట్టకముందే పాప వచ్చింది. "నిన్న ఆలస్యంగా వచ్చినా. ఒకటి విరిగిపోయింది. తప్పు నాదే" అన్నాను. ఆమె పట్టాలు విప్పి, ఒక్కో స్తంభానికి వేలు ఆనించి తడి చూసింది. విరిగినదాన్ని కూడా చూసింది. "పోసినావు" అంది. తర్వాత, మేస్త్రీ కూలీని ఓదార్చినట్టు, "మూడు నిలబడినాయి గదా మిస్సూ. దీన్ని నేను కట్టుకుంటాలే" అని చెప్పి క్లాసుకు వెళ్లిపోయింది.

పది నిమిషాలకు ఒకటో తరగతి టీచరు పరుగున వచ్చింది. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ మిస్' అందట. అంత గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో, పక్క సెక్షన్ వాళ్లు కూడా తిరిగి చూశారట. నేను తలుపు వేసుకుని ఏడ్చాను. థెరపిస్టులు అలా ఏడవకూడదని కూడా మాకొక పద్ధతి ఉంది.

ఆ పాప ఇప్పుడు కాలేజీలో చేరబోయే పిల్ల. తండ్రి ఫోన్‌లో చెప్పిన ప్రకారం ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వదట. నేను ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పాఠాలు చెబుతున్నాను. వాళ్లకూ తెలియని విషయమంటూ ఉండదు. మొన్న వాళ్లకు చూపిద్దామని ఆ పాత రిపోర్టు బయటకు తీశాను. నాలుగో పేజీ అడుగున, గుండ్రటి అక్షరాలతో, ఆ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఇలా రాసుకుంది: 'పాప ఒకే కట్టడాన్ని ప్రతిసారీ మొదటినుంచి కడుతోంది. కారణం ఇంకా తెలియలేదు.' పెన్ను తీసుకుని దాని కింద రాశాను: 'కారణం, నేను.'