సొన్నమ్మ అడిగిన తోపుడు బండి

మునినారాయణప్ప అత్తిబెలె సరిహద్దు చెక్‌పోస్టులో గార్డుగా చేసి రిటైరైన మనిషి. తమిళనాడు వైపు నుంచి వచ్చే లారీలను ఆపి, టార్పాలిన్ ఎత్తి, బిల్లులో కొబ్బరికాయలని రాసుంటే లోపల ఉన్నవి నిజంగా కొబ్బరికాయలేనా అని చూడటం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఆ పనే చేశాడు కాబట్టి, పైకి కనిపించేదొకటి, లోపల ఉండేదొకటి అన్న నమ్మకం ఆయనలో బాగా నాటుకుపోయింది. పాలాయన నవ్వుతూ పలకరించాడంటే ఆ రోజు పాలు పలచగా ఉన్నాయేమోనని గిన్నె వంచి చూసేవాడు. కూతురు నళినిని చూడటానికొచ్చిన చేతన్ కాఫీ వద్దంటే ఇంట్లో అందరూ బుద్ధిమంతుడనుకున్నారు. ఈయన మాత్రం ఎందుకు తాగడు, ఏం దాస్తున్నాడు అని పెళ్ళయ్యేదాకా ఆరా తీస్తూనే ఉన్నాడు. తీరా చూస్తే అల్లుడికి కాఫీ పడదు, అంతే.

రెండువేల ఐదులో నళినికి పాప పుట్టింది. నళిని ఆఫీసు బెళ్ళందూరులో, కాపురం బ్రూక్‌ఫీల్డ్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో. సెలవు అయిపోయి ఆమె మళ్ళీ ఉద్యోగానికి పోవలసి వచ్చినప్పుడు, మునినారాయణప్ప, భార్య సొన్నమ్మ అత్తిబెలె ఇంటికి తాళం వేసి పాపను చూసుకోవడానికి వచ్చారు. ఇంటిపనికి వనజ అని పాలమూరు వైపు మనిషి పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండేది.

ఓ ఆదివారం అందరూ దోసెలు తింటుండగా సొన్నమ్మ, పాపకు తోసే బండి ఒకటి కొందామని అడిగింది. నళిని ముఖం విప్పారింది. స్ట్రోలర్ కొనాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది, అమ్మ ఏమంటుందోనని నోరు మెదపలేదు. చేతన్ కూడా సరేనన్నాడు. మునినారాయణప్ప చేతిలో దోసె ముక్క మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

ఎందుకంటే, ఈ సొన్నమ్మే మొన్నమొన్నటిదాకా కింద పార్కులో అలాంటి బండ్లను చూసి మూతి తిప్పుకునేది. కన్నబిడ్డను సంతలో కూరగాయల మాదిరి తోసుకుంటా పోతారే అని ఆయనతోనే అనింది. ముగ్గురు పిల్లల్ని చంకనేసుకునే రాగిచేలో పనులు చేసిన మనిషి ఆమె. అదే గుర్తుచేశాడు.

"కాలం మారింది కదప్పా," అంది సొన్నమ్మ, ఆయన వైపు చూడకుండా.

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. మరీ సిద్ధంగా ఉంది. లారీల వాళ్ళు అలాంటి జవాబులు ఊరి నుంచే తయారు చేసుకుని వచ్చేవాళ్ళు.

ఆ రోజు నుంచి భార్యను కనిపెట్టడం మొదలుపెట్టాడు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, పై అంచు మీదుగా చూసేవాడు. చూసేకొద్దీ ఒక్కొక్కటి బయటపడింది. పాప ఏడిస్తే సొన్నమ్మ ఎత్తుకోవడం లేదు. ముందు చాప మీద చతికిలబడి, ఒళ్ళో దిండు పెట్టుకుని, వనజను పిలిచి పాపను ఒళ్ళో వేయించుకుంటోంది. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతోంది. ఆమె మూసిన డబ్బాల మూతలు వదులుగా ఉంటున్నాయి. మధ్యాహ్నం పాప నిద్రపోగానే బాత్‌రూములోకి పోయి, కొళాయి తిప్పుకుని, ఎంతకీ బయటికి రావడం లేదు.

పాపను చూసుకోవడం విసుగనిపించిందేమో అనుకున్నాడు. ఊళ్ళో ఇంటి మీదికి గాలి మళ్ళిందేమో. కూతురు గాని అల్లుడు గాని ఏదైనా మాట అన్నారేమో, అది మింగి కూర్చుందేమో. ఒకరోజు వనజను పక్కకు పిలిచి, అమ్మకేమైందని అడిగాడు.

"నాకేం ఎర్క లేదు తాతా," అని ఆయన అడగడం పూర్తికాకముందే చెప్పి, వనజ చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. అయితే ఈమె కూడా అందులో ఉందన్నమాట అనుకున్నాడు. అన్ని రకాలుగా అనుమానించిన మనిషికి ఒంట్లో బాగాలేదేమోనన్న ఆలోచన మాత్రం తట్టలేదు.

నళిని మారతహళ్ళిలో ఒక దుకాణం చూసి, మూడు బండ్లు ఎంచి పక్కన పెట్టించింది. శనివారం పోయి తీసుకుందామనుకుంటే ఆ రోజే ఆఫీసులో పని పడింది. తోసేది మీరే కాబట్టి మీరే పోయి ఏది బాగుందో చూసి రండని అమ్మానాన్నలను పంపింది. చేతన్ పాప దగ్గర ఉన్నాడు. మునినారాయణప్ప పాప బరువుకు సరిపోయేటన్ని బియ్యం ఒక సంచిలో పోసుకుని మరీ ఆటో ఎక్కాడు.

దుకాణంలో అమ్మకాలు చూసే రామాంజనేయులు హిందూపురం మనిషి. నడివయసు దాటింది. వీళ్ళ తెలుగు వినగానే కుర్చీలు వేయించాడు. ఆ మర్యాద చూసి మునినారాయణప్పకు మొదటి అనుమానం వచ్చింది.

మూడు బండ్లూ తెచ్చి నిలబెట్టారు. మొదటిది పెద్దది, పెద్ద చక్రాలు, పాపను పూర్తిగా పడుకోబెట్టొచ్చు. రెండోది తేలిక, గొడుగు ముడిచినట్టు ముడుచుకుపోతుంది, పట్టుకోవడానికి చేతికర్ర వంపుల్లాంటివి రెండున్నాయి. మూడోది ఈ రెంటికీ మధ్యరకం, వెనక ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే పొడుగాటి కడ్డీ. రామాంజనేయులు మొదటి దాన్నే తెగ పొగిడాడు. అమ్ముడుపోనిదాన్నే ఇంతగా పొగుడుతారని మునినారాయణప్పకు తెలుసు. బియ్యం సంచిని అందులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ముందుకు తోశాడు, వెనక్కు లాగాడు, గడప ఎక్కించి దించాడు.

"బియ్యం మోసే బండి కాదప్పా ఇది," అన్నాడు రామాంజనేయులు, నవ్వుదామా వద్దా అన్నట్టు.

మునినారాయణప్ప సంచి తీసి, బండిని తలకిందులు చేశాడు. వెనక చక్రాల ఇరుసుకు పొడుగాటి తలవెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. వాటిలో ఎండుగడ్డి పరకలు. ఒకటి పీకి రామాంజనేయులు చేతిలో పెట్టాడు. కొత్త బండి గడ్డిలో ఎప్పుడు తిరిగిందని అడిగాడు. రామాంజనేయులు గొంతు తగ్గించి, ఎవరో తీసుకుపోయి కొన్నాళ్ళకు వాపసు తెచ్చారని ఒప్పుకున్నాడు.

మునినారాయణప్ప ఛాతీ పొంగింది. మళ్ళీ చెక్‌పోస్టులో నిలబడినట్టనిపించింది. ఆ ఊపులోనే రెండో బండిని తెరిచాడు, ముడిచాడు, మళ్ళీ తెరిచాడు. పక్కనున్న బొత్తాన్ని వేలితో నొక్కితే చాలు, టక్కున ముడుచుకుంటోంది. లిఫ్టులో పడుతుంది, ఆటోలోనూ పడుతుంది. ఇదే తీసుకుందామని, నువ్వూ ఒకసారి ముడిచి చూడమని సొన్నమ్మతో అన్నాడు.

నువ్వు చూసినావు కదా, చాల్లే అందామె. తోసేది నువ్వే కదా అన్నాడాయన. ఆమె లేచి వచ్చింది. బొత్తం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. దిగలేదు. ఆ వేలి మీద రెండో బొటనవేలు పెట్టి నొక్కింది. అప్పటికీ దిగలేదు. చివరికి మోచేత్తో అదమబోయింది.

"బిగుతుగా ఉండాది," అంది.

సాయం చేయబోయిన రామాంజనేయులును మునినారాయణప్ప చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తను ఒక్క వేలితో నొక్కిన బొత్తం అది. ఆమె చేతివైపే చూశాడు. బొటనవేలి మొదట్లో ఉండవలసిన కండ లోపలికి పీక్కుపోయి ఉంది. వేళ్ళు పిడి చుట్టూ మూసుకోవాలని చూస్తున్నాయి, మూసుకోవడం లేదు. కాఫీ గ్లాసు, డబ్బా మూతలు, కొళాయి చప్పుడు, అన్నీ ఒక్కసారిగా ఆయనకు అర్థమయ్యాయి. ఎప్పుడైనా ఇలాంటిది దొరికితే లోపల ఒక సంతోషం కలిగేది. ఈసారి అది కలగలేదు.

కాసేపట్లో వస్తామని చెప్పి ఆమెను బయటికి తీసుకొచ్చాడు. పక్కన ఎళనీరు బోండాలు అమ్మే బండి దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె తనంతట తనే చెప్పింది. చలికాలం నుంచి వేళ్ళు మొద్దుబారుతున్నాయి. తెల్లవారేసరికి చీమలు పాకినట్టుంటుంది, వేడినీళ్ళలో పెడితే కొంచెం నయం. ఒకరోజు కాళ్ళు చాపుకుని పాపకు నీళ్ళు పోసి ఎత్తబోతే, నూనె ఒంటి పాప చేతుల్లోంచి జారింది. ఆమె కాళ్ళ మీదే పడింది, దెబ్బ తగల్లేదు, ఆటనుకుని నవ్వింది కూడా. ఆ రోజు నుంచి సొన్నమ్మ పాపను ఎత్తలేదు. ఎవరికీ చెప్పొద్దని వనజ చేత ఒట్టు వేయించుకుంది. నళినికి తెలిస్తే పాపను ఏ బేబీ సిట్టింగులోనో వేసి తమను ఊరికి పంపేస్తుంది. బండి ఉంటే ఎత్తుకునే పని ఉండదు, ఎవరికీ అనుమానం రాదు.

"నాకన్నా చెప్పొచ్చు కదా," అన్నాడు.

"నీకు చెప్తే ఎప్పటి నించి, ఎట్లా, ఎవురు చూసినారు అని అడగతావప్పా. నేను భయపడి ఉండాను. జవాబులు చెప్పే శక్తి నాకు యాడుండాది?"

సరిగ్గా ఆ ప్రశ్నలే ఆయన నాలుక చివర ఉన్నాయి. మింగేశాడు. నలుగురూ తిరిగే రోడ్డు పక్కన ఆమె కుడిచేయి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. వాళ్ళ కాపురంలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఎవరన్నా చూస్తారని సొన్నమ్మ అటూ ఇటూ చూసింది గానీ చెయ్యి లాక్కోలేదు.

మళ్ళీ లోపలికి పోయి మూడో బండిని చూశారు. దాని బ్రేకు కాలితో తొక్కేది. కడ్డీని వేళ్ళతో పట్టుకోకపోయినా ముంజేతులు ఆనించి తోయొచ్చు. సొన్నమ్మ దుకాణం ఆ చివరిదాకా తోసుకుపోయి తిప్పుకొచ్చింది. బెల్టు పెట్టేది, తీసేది తన పని అన్నాడు మునినారాయణప్ప. అయినా నిలబెట్టిన బండి వద్దని, డబ్బా విప్పని కొత్తది తెప్పించి, నాలుగు చక్రాలూ తిప్పి చూసుకున్న తర్వాతే సరేనన్నాడు.

ఇంటికి పోయే దారిలో సొన్నమ్మ, నళినికి చెప్పొద్దని బతిమాలింది. ఇది పాప విషయం కాబట్టి దాచకూడదన్నాడాయన. ఆ సాయంత్రం ఆమే కూతురికి చెప్పింది. నళిని ముందు కోప్పడింది. ఇన్నాళ్ళూ పాపను నీకు వదిలి పోయినానే అని మొదలుపెట్టి, మాట మధ్యలో ఆపేసి గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, తల్లి చేతులు రెండూ వెలుతురులోకి తిప్పి చూసింది.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని, చిన్న ఆపరేషన్ చేస్తే చాలావరకు నయమవుతుందని డాక్టరు చెప్పాడు. ఊరికి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. పాపకు నీళ్ళు పోసే పని వనజకు, ఎత్తుకునే పని మునినారాయణప్పకు వచ్చాయి. సొంత పిల్లల్ని ఎత్తుకున్న గుర్తు లేని మనిషి, మనవరాలిని నిండుకుండలా పట్టుకుని, ఊపిరి బిగబట్టి బండిలో దించేవాడు. బెల్టు పెట్టి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసేవాడు. సాయంత్రాలు సొన్నమ్మ ముంజేతులతో బండి తోస్తుంటే తనూ కడ్డీ మీద చెయ్యి వేసి పక్కనే నడిచేవాడు. నేనేం పాపను దొంగతనంగా సరిహద్దు దాటించడం లేదని ఆమె విసుక్కునేది.

కుడిచేతికి ముందు, ఎడమచేతికి తర్వాత ఆపరేషన్ చేశారు. వేళ్ళకు పట్టు మెల్లగా వచ్చింది. అప్పటికి పాపకు నడక వచ్చేసింది, ఎవరెత్తినా ఒళ్ళు విరుచుకుని కిందికి జారిపోయేది. ఒకరోజు వంటింటి గుమ్మంలో దాన్ని దొరకబుచ్చుకుని సొన్నమ్మ చంకనేసుకుంది. మునినారాయణప్ప పేపరు పడేసి వచ్చి, ఆమె వెనకే రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పక్కకు పొమ్మందామె. ఆయన పోలేదు.