ఇస్త్రీ బాబాయి కాల్చిన వాఫుల్స్

వీధిలో అందరికీ ఆవిడ పిన్ని. మొగుడు లాండ్రీలో పనిచేస్తాడు కాబట్టి ఆయన ఇస్త్రీ బాబాయి. పిన్ని నోరు పెద్దది, చేతి రుచి అంతకన్నా గొప్పది. ఇంట్లోనే చిరుతిళ్ళు చేసి ఆర్డర్లకు ఇస్తుంది. గళ్ళ అచ్చున్న మెషీన్లో కాల్చిన కరకరలాడే వాఫుల్ ముక్క మీద వెల్లుల్లి రొయ్య పెట్టి పుల్ల గుచ్చి ఇచ్చిందంటే, ఒళ్ళు తగ్గాలని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు కూడా నాలుగు లాగించేస్తారు.

ఎదురుగా ఉన్న ఆసుపత్రి హెడ్ నర్సు శనివారం టీకి నలభై ముక్కలు చెప్పింది. నచ్చితే ఇక ప్రతి శనివారం పిన్నివేనంది. పిన్ని ఏనుగెక్కినంత సంబరపడింది. శుక్రవారం మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"వద్దని చెప్పేద్దామే," అన్నాడు బాబాయి.

"చెయ్యి విరిగింది గానీ నోరు విరగలేదుగా. నేను చెప్తాను, మీరు చెయ్యండి."

టీ పెట్టుకోవడం కూడా రాని మనిషి శనివారం మధ్యాహ్నం నడుముకు తువ్వాలు బిగించాడు. పిన్ని స్టూలెక్కి కూర్చుంది. మూడు కప్పుల మైదా, మూడు చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు. వేరే గిన్నెలో మూడు గుడ్లు, రెండున్నర కప్పుల పాలు, కరిగించిన వెన్న. రెండూ కలిపాక ఉండలు కనిపించాయని ఆయన ఒకటే గిలకొడుతుంటే, "ఉండనివ్వండి, ఎక్కువ కలిపితే సాగుతుంది," అని ఆపింది. మెషీన్ మూత ఎప్పుడెత్తాలో మాత్రం చెప్పనక్కర్లేకపోయింది. ఆవిరి ఆగితే తడి పోయినట్టేనని ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటే, పిన్ని ఫోను మాట్లాడి వచ్చేలోపు కొంప ముంచాడు. పది వాఫుల్సునీ అంచుకు అంచు కలిపి చక్కగా దొంతర పేర్చి, మెచ్చుకుంటుందని నిలబడ్డాడు. పిన్ని అడుగుది లాగితే తడిగుడ్డలా వేలాడింది. టీకి ఇంకా గంటన్నరే ఉంది.

"వేడి చొక్కాలు కూడా ఇలాగే దొంతర పెడతారా?"

"లేదు, ముందు తీగకు వేస్తాను. లేకపోతే చెమ్మ పట్టి..." అంటూనే ఆగిపోయాడు.

బట్టలారేసే స్టాండు తెచ్చి, వేడినీళ్ళతో కడిగి తుడిచాడు. ఒక్కో వాఫుల్‌నీ మళ్ళీ నిమిషంపాటు కాల్చి తీగల మీద విడివిడిగా పరిచాడు. పిన్ని ఓ అంచు విరిచి నోట్లో వేసుకుంది. కరకరమంది.

"ఈ ఉపాయం నాకెప్పుడూ తట్టలేదు సుమండీ," అని ఒప్పుకుంది.

ఇక రొయ్యలు. ఒలిచి నల్లనరం తీసినవాటిని పొడిగుడ్డతో అద్ది, ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, వెల్లుల్లి వేసిన వెన్నలో ఒక్కో వైపు నిమిషమున్నర వేయించాడు. "కాస్త వంకర తిరిగాయా, దించెయ్యండి. ఇంకాస్త ఉంచితే రబ్బరే." పైన నిమ్మకాయ పిండించి, ఒక్కో వాఫుల్‌నీ నాలుగు ముక్కలు చేయించి రొయ్యలు గుచ్చించింది.

ఆసుపత్రిలో పళ్ళేలు చూస్తుండగానే ఖాళీ అయిపోయాయి. హెడ్ నర్సు పిన్ని కట్టు చూసి బాబాయి వైపు తిరిగింది.

"అయితే ఇవన్నీ మీరే చేశారన్నమాట. మీ చేతిలో ఏదో ఉందండీ."

పిన్ని నేల చూపులు చూసింది. ఆర్డరు దక్కినా పేరు పోయిందనిపించింది.

నలుగురిలో నోరు విప్పని బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నేను ఇస్త్రీవాణ్ణండీ. వంట ఈవిడది. నాలాంటివాడి చేతే ఇంత బాగా చేయించిందంటే, ఆవిడ చెయ్యి నయమయ్యాక తిని చూడండి."

"ప్రతి శనివారం తింటాం," అంది నర్సు.

పిన్ని తలెత్తి నవ్వింది. ఇంటికెళ్ళేటప్పుడు ఖాళీ పళ్ళేలు ఎడమచేత్తో తనే పట్టుకుంది. ఎంత అడిగినా ఆయనకివ్వలేదు.