ఓడ దిగినాక తోవ సూపించే బుక్కు

"రెండిట్లో ఏదో ఒకటి తియ్యే పిల్లా, సంచీలో సేపలు పాడైపోతన్నాయి" అని మా అత్త నా మోచెయ్యి లాగుతంది. నాను సేతికో బుక్కు అట్టుకొని, పూర్ణా మార్కెట్ ఎనకాల సందులో పాత పుస్తకాల కొట్టు ముందర అలగే నిలబడిపోనాను. ఇది తీద్దామంటే భయం, అది తీద్దామన్నా భయం.

ఎందుకంత భయమంటే, మా ఆయన పోర్ట్ బ్లెయిర్ ఎల్లే ఓడలో వంట సేత్తాడు. ఈపాలి ఇంట్లోవోళ్లని కూడా తీసుకెళ్లొచ్చని పైవోళ్లు ఒప్పుకున్నారు. ఓడ అక్కడ రెండ్రోజులు ఆగుతాది గాని ఆయన దిగడానికి నేదు, పొయ్యి కాడే ఉండాల. అంటే ఆ ఊరు నానూ మా అత్తా మా అంతట మామే తిరగాల. ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు. నా సదువు ఏడో కలాసు. ఓడలో పనిసేసేవోడి పెళ్లాన్నన్న పేరే గాని, ఇశాపట్నం దాటి నాను ఎల్లింది ఆనందపురం దాకా. అదీ మా పిన్ని కూతురి పెళ్లికి, ఇంటిల్లిపాదితో.

దానికి తోడు మా ఆయన కిందటి పాలి సూసినదొకటి సెప్పినాడు. ఎవురో మొగుడూ పెళ్లాం బజారు తిరిగి ఆలీసెంగా వచ్చినారట. అప్పటికే బయల్దేరే కూత అయిపోయి, మెట్లు లాగీసి, ఓడ కదిలిపోనాదట. ఇద్దరూ సంచులట్టుకొని ఒడ్డు ఎంబడే పరుగట. ఆయన నవ్వుకుంటా సెప్పినాడు. నాకు మాత్రం ఆ పరిగెట్టిన ఆడమనిషి నానే అయిపోనట్టుండేది. అన్నం కలుపుతుంటే ఆవిడే, నీళ్లు మోస్తుంటే ఆవిడే.

"మరి ఆళ్లు ఏటైపోనారు?" అనడిగినాను.

"ఏటవుతారు, ఇంకో ఓడ వచ్చీదాకా అక్కడే ఉన్నారు. ఆ ఊర్లో సగం మంది మన సిక్కోలు వోళ్లేనే. బుక్కెందుకు, నోరుంటే సాలు. నీకు నోరు తక్కువేటి?"

ఇంట్లో నోరు వేరు, తెలీని ఊర్లో నోరు వేరు. అది ఆయనకి ఎక్కదు.

రేపు మధ్యాన్నానికి ఓడెక్కేవోళ్ల పేర్లియ్యాల. మా అత్త అప్పుడే పెట్టె సర్దీసినాది. వన్ టౌన్‌లో మా గుమ్మంలోంచి ఇన్నేళ్లూ ఓడలు పోతుంటే సూసిన మనిషి, ఒక్కపాలి కూడా ఎక్కనేదు. నాను రానంటే ఆవిడ్ని ఒక్కదాన్నీ ఎవురు పంపుతారు? పొద్దున్నించీ ఆవిడ నా మొహమే సూత్తంది.

"రంగులది తీసుకో తల్లీ, అందరూ అదే అడుగుతారు" అన్నాడు కొట్టు సాయిబుగారు.

రంగులది లావుగా ఉంది, నున్నటి కాగితం. రెండోది సన్నం, అట్ట సిరిగిపోనాది, లోపల గీతలతో వేసిన తోవలు. రెండిట్లోనూ మద్రాసు, కలకత్తా, పోర్ట్ బ్లెయిర్, మన ఇశాపట్నం రేవులున్నాయి. పోర్ట్ బ్లెయిర్ పేజీ తీత్తే, ఓడ దిగి కుడికి ఎల్లమని ఒకటి, ఎడంకి ఎల్లమని ఇంకోటి.

"ఏది నిజమో ఎలగ తెలుత్తాది సాయిబుగారూ?"

"నానెప్పుడెల్లాను తల్లీ. నాకివి తూకానికొచ్చినాయి."

మా అత్తకి ఇసుగొచ్చీసింది. "సేప కొన్నప్పుడు ఏటి సేత్తాం? మొప్ప ఎత్తి సూత్తాం. దీనికి మొప్ప నేదేటి?" అని ఎక్కిరించినాది.

ఆ మాట నా బుర్రకి తగిలింది. పోర్ట్ బ్లెయిర్ నాకు తెలీదు, మన ఊరు తెలీదేటి? రెండిట్లోనూ ఇశాపట్నం పేజీ తీసి పైకి సదివినాను. ఓడ దిగి నాలుగడుగులేస్తే ఇసుక తిన్నెలంట రంగులదాన్లో.

"నాలుగడుగులేస్తే గూడ్సు కింద పడతాం" అన్నాది మా అత్త.

సన్నదాన్లో ఉన్నాది: గేటు దాటగానే పట్టాలొస్తాయి, గూడ్సు ఎల్లీదాకా ఆగండి. అక్కడినించి పాత పోస్టాఫీసు. దాని ముందర రిక్షాలు.

"ఇదే ఇచ్చీండి" అన్నాను.

ఇంటికొచ్చి సేపలు కడుగుతుంటే గురుతొచ్చింది. పాత పోస్టాఫీసు ముందర ఇప్పుడు రిక్షాల్లేవు, లారీలే. రిక్షాల అడ్డా ఎప్పుడో వేరే కాడికి మార్చీసినారు. ఇక్కడే ఇలగుంటే అక్కడ ఏటేటి మారిపోయుంటాయో. మళ్లీ ఆ సంచుల ఆడమనిషి పరుగు మొదలెట్టింది. మా ఆయన కంచం ముందర కూకొని, "మరి పేర్లియ్యనా, మానీనా?" అన్నాడు.

"రేపు సెప్తాను" అన్నాను. మా అత్త ముద్ద దించీసినాది.

మర్నాడు పొద్దున్నే మా అత్తని తీసుకొని పోర్టు గేటు కాడికి ఎల్లినాను. ఓడలకి ఈపు పెట్టి నిలబడి, "అత్తా, మనకీ ఊరు తెలీదు. ఇప్పుడే దిగినాం" అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వినాది. బుక్కు సూసుకుంటా, ఆవిడ నడకే నడిసినాను. పట్టాల కాడ గూడ్సుకి ఆగినాం. పాత పోస్టాఫీసు వచ్చినాది. రిక్షాలుండాల్సిన కాడ లారీలు. బుక్కు మూసీసి, టీ కొట్టు ఆవిడ్ని అడిగినాను. "అప్పా, ఓడ కాడికి ఎల్లడానికి రిక్షా ఎక్కడ దొరుకుతాది?"

ఆవిడ నన్ను రోజూ సూసే మనిషే. "ఏటే, ఎండ దెబ్బ తగిలిందేటి? నీ మొగుడి ఓడకి నీకు తోవ తెలీదా?" అంటానే సెయ్యెత్తి సూపించినాది. "అల్లదిగో, ఆ మలుపులో."

మలుపులో రిక్షాలున్నాయి. మా అత్త మోకాళ్లు నొక్కుకొని ఎక్కినాది. గేటు కాడ దిగి, డ్యూటీకి ఎల్తన్న మా ఆయన్ని ఆపి, ఇద్దరి పేర్లూ ఇచ్చీమన్నాను.

"భయం తగ్గిందేటి?" అన్నాడు.

"తగ్గనేదు. ఆ కూతేదో కాసింత ముందే కొట్టమని మీ కేప్టెన్‌కి సెప్పు" అన్నాను.