ఐసు లేదని చెప్పిన సర్వరు

ఒక పొద్దున భావనపాడు రేవుకి బోట్లు నిండా చేపలతో వచ్చాయి. అదే పొద్దున మా మావయ్య ఫ్యాక్టరీ నిండా ఐసు ఉంది. అయినా ఆ చేపలకీ ఈ ఐసుకీ కలిసే యోగం లేకపోయింది, ఎందుకంటే మధ్యలో నేనున్నాను. ఆ ఘనకార్యం ఎలా వెలగబెట్టానో ఇప్పుడు చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి, ఊరంతా నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఆయనలో నేను మెచ్చుకోనిది దాదాపు లేదు గానీ, అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకునేది ఆయన వినే పద్ధతి. ఐసు కోసం ఫోన్ చేసిన బోటు మనిషి వల ఎక్కడ చిరిగిందో మొదలుపెట్టి, బావమరిది ఎందుకు అలిగాడో చెప్పి, చిట్టచివర ఎన్ని దిమ్మలు కావాలో చెప్పినా సరే, మావయ్య చివరి మాట దాకా ఊఁ కొడతాడు. నేనైతే రెండో మాటకే “సరే, అసలు సంగతేంటి?” అంటాను. మా ఇంట్లో నాకు దీని మీద చాలా మంచి పేరుంది.

టెక్కలిలో ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసేదాన్ని కాబట్టి, మావయ్యకి ఈ ఫోన్ల బాధ తప్పిద్దామని ఒకటి రాసిపెట్టాను. బోటు సముద్రంలో ఉండగానే, సిగ్నల్ అందిన చోట ఫోన్‌లోంచి ఎన్ని దిమ్మలు కావాలో పంపుతారు. అది ఫ్యాక్టరీలో స్క్రీన్ మీద పడుతుంది. బోటు ఒడ్డుకి చేరేసరికి పొడి చేసిన ఐసు రేవులో సిద్ధంగా ఉంటుంది. ఫ్యాక్టరీ కంప్యూటరులో లైనెక్స్ అనే సిస్టం మీద అది చక్కగా నడిచింది, నేను కూడా చక్కగా ఉబ్బాను.

ఇంతలో ఉప్పుగాలికి ఆ మిషను తుప్పుపట్టి పోయింది. మా ఇంట్లో ఫ్రీబీఎస్డీ అనే ఇంకో సిస్టం వేసిన మిషను ఒకటుంది. అప్పట్లో నాకు ఆ సిస్టం అంటే వల్లమాలిన ప్రేమ. రెండూ యూనిక్స్ అనే పాత సిస్టం తీరువే, కమాండ్లు చాలావరకు ఒకటే, ప్రోగ్రాము రాసే తీరూ ఒకటే. మా వైపు బస్సులో పక్క సీటు మనిషిని కూడా బావా అనో మావా అనో పిలిచేస్తాం. నేనూ అలాగే ఈ రెండింటికీ వరస కలిపేసి, అన్నదమ్ములని తేల్చేశాను.

మావయ్యకి మాత్రం అనుమానం వచ్చింది. “కొత్త మిషనుకి మన అలవాట్లు తెలుత్తాయేటమ్మా? ఒక బోటుతో సూసి అప్పుడు పెడితే పోదా?”

“నువ్వు ఐసు సంగతి సూసుకో మావా. ఇది నాకు అరగంట పని” అన్నాను.

నిజంగా అరగంటే పట్టింది. ప్రోగ్రాముని కొత్త మిషనులోకి ఎక్కిస్తే మొదట ఒకటి రెండు తప్పులు చూపించింది, సరిచేస్తే ఇక నోరెత్తలేదు. పక్క బల్ల మీది లాప్‌టాప్ నుంచి పంపి చూస్తే ఆర్డరు టక్కున వచ్చి పడింది. మిషనుని ఫ్యాక్టరీలో పెట్టేసి, ప్రపంచాన్ని ఉద్ధరించిన దానిలా టీ తాగాను.

మర్నాడు పొద్దున స్క్రీన్ మీద ఒక్క ఆర్డరూ లేదు. మావయ్య స్క్రీన్ వైపు ఒకసారి, రేవు దారి వైపు ఒకసారి చూస్తున్నాడు. వేట బాగా లేదేమోనన్నాను. చూశారా, బంగాళాఖాతాన్ని అనుమానించాను గానీ నా ప్రోగ్రాముని అనుమానించలేదు.

అప్పుడొచ్చింది పోలమ్మత్త. ఆవిడకి రెండు బోట్లున్నాయి. చేతిలో ఫోన్, ఒంటి మీద చేపల వాసన, మొహంలో మంట.

“ఏటి బావా, మాకు ఐసు లేదంటావా? అందరి ఫోన్లలోనీ అదే మాట. లోపల సూత్తే దిమ్మలు గోడంత పేర్సున్నాయి. ఎవులి కోసం దాసేవు? ఒడ్డున సేపలు ఎండకి పోతన్నాయి.”

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. ఫోన్‌లో ఆర్డరు వెళ్లకపోతే ఏం చూపించాలి అని ఆలోచించే ఓపిక లేక, ఏ కారణంతో ఆగిపోయినా “ఐసు లేదు” అని చూపించేటట్టు రాశాను. ఇంకే కారణం ఉంటుంది లెమ్మనుకున్నాను.

మావయ్య ఆవిడ చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం వెయ్యలేదు. తర్వాత నా మొహం చూశాడు. ఆయనకి అంతా అర్థమైపోయిందని నాకూ అర్థమైంది. అయినా ఆవిడతో అన్నదేమిటంటే, “తప్పు నాదే. మిషను మార్సింది నాను. ఐసు నానే తెత్తాను, పద.”

లుంగీ పైకి కట్టి, దిమ్మలు పొడి చేయించి ట్రాక్టరులో పోయిస్తూ నా వైపు తిరిగాడు. “నువ్వు నిదానంగా సూడమ్మా.” తిట్టినా అంత తగిలేది కాదు.

ఆర్డర్లు అందుకునే ఆ మిషను, అదే మా సర్వరు, రాసుకున్న చిట్టా తెరిచి చూశాను. బోట్లన్నీ పిలిచాయి. ప్రతి పిలుపునీ నా ప్రోగ్రామే ఎత్తింది, ఎత్తిన క్షణమే పెట్టేసింది. అప్పుడు బుద్ధిగా ఫ్రీబీఎస్డీ మాన్యువల్ తీసి చదివాను. సంగతి ఇది: సర్వరులో గుమ్మం దగ్గర ఒక సాకెట్, అంటే వచ్చిన పిలుపుని అందుకునే కొస, కూర్చుంటుంది. ఎవరైనా వస్తే వాళ్లతో మాట్లాడడానికి ఒక పిల్ల సాకెట్ పుడుతుంది. గుమ్మం దగ్గరి తల్లికి నేను “ఎవరి కోసమూ ఆగకు” అని చెప్పి ఉంచాను. లైనెక్స్‌లో ఆ గుణం పిల్లకి రాదు, అది ఓపిగ్గా వింటుంది. ఫ్రీబీఎస్డీలో తల్లి గుణమే పిల్లకీ వస్తుంది. లాప్‌టాప్ పక్కనే ఉంది గనక దాని మాట వెంటనే వచ్చి పడింది. సముద్రం మీది ఫోన్ల మాట రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తా ఆగకుండా మా పిల్ల ఫోన్ పెట్టేసింది. అచ్చం నేనే.

ఫ్రీబీఎస్డీ మీద నాకు కోపం రాలేదు, గౌరవం పెరిగింది. ఇవన్నీ దాచుకోకుండా ఎంత పొందికగా రాసిపెట్టారో ఆ మహానుభావులు. తల్లి పద్ధతి పిల్లకి రావాలనడం ఒక ఇంటి ఆచారం, ఏ పిల్లకి ఆ పిల్లకే చెప్పుకోవాలనడం ఇంకో ఇంటి ఆచారం. రెండూ మంచి ఇళ్లే. అడక్కుండా లోపలికి దూరింది నేను. ప్రతి పిల్లకీ “ఆగి విను” అని చెప్పే ఒక వరస ప్రోగ్రాములో చేర్చాను. “ఐసు లేదు” తీసేసి “అందలేదు, మళ్లీ పంపండి” అని పెట్టాను. ఈసారి లాప్‌టాప్‌ని నమ్మలేదు. ఒక బోటు మనిషిని బతిమాలి నీళ్ల మీదికి పంపి మరీ చూశాను.

రేవుకి వెళ్లేసరికి మావయ్య పారతో చేపల మీద ఐసు పోస్తున్నాడు. చేపలు దక్కాయి. పోలమ్మత్త మాత్రం నావైపు చూడలేదు. ఆయన మాట బోట్ల వాళ్ల దగ్గర మళ్లీ చెల్లుతుందో లేదోనని ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరం స్క్రీన్ ముందు నిలబడ్డాం. చాలాసేపటికి పోలమ్మత్త బోటు నుంచి మొదటి ఆర్డరు పడింది. దిమ్మల లెక్క కింద ఒక మాట కూడా రాసి ఉంది: “ఐసు ఉందో నేదో బావనే సెప్పమను. ఆ పిల్లని అడగొద్దు.”

మావయ్య దాన్ని చివరి దాకా చదివాడు. పక్కన నిలబడ్డ నన్ను ఒకసారి చూసి, నిదానంగా బోట్లన్నిటికీ జవాబు కొట్టాడు: “పిల్ల టెక్కలి ఎల్లిపోయింది. రండి.”

వెంటనే బోట్లన్నిటి నుంచీ ఆర్డర్లు వచ్చి పడ్డాయి.

కనుక మావయ్య ఫ్యాక్టరీలోని ఐసు దిమ్మ మీద చెయ్యి పెట్టి, చెయ్యి తిమ్మిరెక్కేలోపు ముగించాలన్న తొందర కూడా లేకుండా, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సిస్టం గుమ్మం తొక్కినా, దాని మాన్యువల్ చివరి మాట దాకా ఊఁ కొట్టకుండా దాన్ని బావా అని పిలవను.