మామగారికి పెట్టిన నురగ పులుసు

ఏలూరులో కాపురం పెట్టిన కొత్తలో నేను చేసిన నిర్వాకం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది. మీరూ చదివి నాలుగు తిట్టండి, మొహమాటం వద్దు.

మా అమ్మమ్మ జన్మలో షాంపూ కొనలేదు. తలకైనా గిన్నెలకైనా కుంకుడు రసమే. అది చూసి పెరిగిన నేను, పెళ్ళవగానే ఇంట్లో షాంపూనీ గిన్నెల సబ్బునీ నిషేధించాను. కుంకుళ్ళు నానబెట్టి, పిసికి, ఆ రసం పాత జామ్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. దాని పక్కనే మరో జామ్ సీసాలో చింతపండు రసం.

"సీసాల మీద పేర్లు అంటించండి, మహానుభావా!" అంది నా భార్య గ్రేస్.

"కాగితం దండగ!" అని అరిచాను. ఎంత పొగరో చూడండి.

నా పిసినారితనం ఆకివీడులో చేపల చెరువులున్న మామగారి చెవిన పడింది. ఓ ఆదివారం కొరమేనుతో దిగారు.

"అమ్మాయి సుఖంగా లేకపోతే నాతో తీసుకుపోతానండీ," అన్నారు గుమ్మంలోనే.

నాకు చిర్రెత్తింది. పులుసు నేనే వండి ఆయన నోరు మూయిస్తానని వంటింట్లో దూరాను. ఆ కోపంలో ఫ్రిజ్‌లో చేతికందిన సీసా తీసి, వాసన కూడా చూడకుండా పులుసులో ఒంపేశాను. పులుసు మరుగుతూంటే బుసబుసా నురగ లేచింది.

"ఏంటండీ ఆ నురగ?" అంది గ్రేస్.

"తాజా చేప అలాగే పొంగుతుంది. నీకేం తెలుసు, వెళ్ళు!"

చేపల చెరువుల మధ్య పుట్టిన పిల్లకి నేను పాఠం చెప్పాను! అప్పుడే నా నెత్తిన ఒక్కటి మొట్టేవాళ్ళు లేకపోయారు.

మామగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మళ్ళీ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఈసారి ప్రార్థన కాదు. పెరట్లోకి పరుగెత్తి పుక్కిలిస్తుంటే నోటినిండా నురగే.

గ్రేస్ గిన్నె వాసన చూసింది.

"కుంకుడు రసం! మా నాన్నని చంపేస్తారా? మీ పొదుపు తగలెయ్య!"

చరచరా వెళ్ళి బట్టలు సర్దడం మొదలెట్టింది.

మామగారు మూతి తుడుచుకుంటూ వచ్చారు. "సర్దకమ్మా. గిన్నెలు తోమే పని కూడా లేకుండా వండే మొగుడు ఇంకెక్కడ దొరుకుతాడు?"

గ్రేస్ పక్కున నవ్వింది. వెంటనే మళ్ళీ కోపం తెచ్చుకుంది.

అందరి ముందూ ప్రమాణం చేశాను. కుంకుడు రసం మానను గానీ, బతికుండగా దాన్ని వంటింటి గడప తొక్కనివ్వను. నన్ను తొక్కనివ్వనని గ్రేస్ ప్రమాణం చేసింది.